మెట్ల మీది చలిపందిరి

వాషర్‌మెన్‌పేట్ మార్కెట్టు దగ్గర రోడ్డు కింద ఒక సబ్‌వే ఉంది. పాదచారులు రోడ్డు దాటడానికి కట్టిన ఆ సొరంగంలో కాలక్రమాన ఇరువైపులా అంగళ్ళు వెలిశాయి: గాజులు, గడియారాలు, కళ్ళద్దాలు, జాకెట్టు గుడ్డలు. వేసవిలో భోజనాల వేళ దాటాక సముద్రపు గాలి తూర్పు మెట్ల మీదుగా అందులోకి దిగేది. ఎండ ఎరగని గోడల మధ్య కొంత వేడిని వదులుకొని, ఇరుకు నడవలో వేగం పుంజుకొని, పడమటి మెట్లెక్కి మార్కెట్టులో కలిసిపోయేది. ఆ కాసేపూ కొనేదేమీ లేనివాళ్ళు కూడా గాజుల అంగడి ముందు నిలబడి బేరం చేస్తున్నట్టు నటించేవారు. అంగళ్ళవాళ్ళు అది తెలిసీ ఊరుకునేవారు.

తూర్పు మెట్లు దిగగానే మొదటి అంగడి పంకజానిది. చీరలకు ఫాల్స్ కుట్టేది. షట్టరు మేకుకు ఒక ఫాల్ ముక్క కట్టి ఉంచింది. అది మొదట అలంకారానికి కట్టినదే అయినా, ఇప్పుడు దాని పని వేరు. దాని కిందే ప్లాస్టిక్ కుర్చీలో ఆమె భర్త కాటయ్య కూర్చుంటాడు. వ్యాసర్పాడి రైల్వే యార్డులో పనిచేసిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిపక్క చచ్చుబడింది, మాట పడిపోయింది. ఎడమ చెయ్యి ఒక్కటే మిగిలింది. ఫాల్ ముక్క కదలగానే అతడు ఆ చెయ్యి ఎత్తి, వేళ్ళు విడదీసి, వాటి సందుల్లోంచి గాలిని పోనిచ్చేవాడు. అతడు రోజంతా ఇష్టపడి చేసే పని అదొక్కటే.

వ్యాసర్పాడిలో వాళ్ళది ఆస్బెస్టాస్ రేకుల గది. జబ్బుపడిన తరువాతి మొదటి వేసవిలో పంకజం అతణ్ణి అక్కడే ఉంచింది. మధ్యాహ్నాల్లో ఒళ్ళు కాలి, చెమట ఆగిపోయి, స్పృహ తప్పేది. మరొక్క వేసవి ఈ గదిలో గడవదని డాక్టరు చెప్పాడు. మందుకంటే ముందు గాలి ఆడే చోటు చూడమన్నాడు. మరుసటి ఏడు ఆమె అతణ్ణి రోజూ రిక్షాలో సబ్‌వేకు తెచ్చింది. రిక్షా తొక్కే సుబ్బన్ వీపు మీద మోసుకొని మెట్లు దింపేవాడు. ఆ వేసవి కాటయ్య ఒక్కసారి కూడా సొమ్మసిల్లలేదు. కాబట్టి ఊరి పేరు చెన్నైగా మారిన తరువాత వచ్చిన మొదటి వేసవిలో, మే నెలలో మూడు వారాలకు పైగా మండే కత్తిరి ఎండలు మొదలవుతున్నాయని అందరూ భయపడుతుంటే, పంకజం ఆ కుర్చీని ఒకసారి తుడిచి ఫాల్ ముక్కను మార్చింది. అంతకు మించి ఆమె చేసుకోవలసిన ఏర్పాటు లేదు.

కత్తిరి మొదలైన పొద్దున తూర్పు మెట్ల పైన వెదుళ్ళు పాతే చప్పుడు వినిపించింది.

పప్పుధాన్యాల మండీ యజమాని యతిరాజులు చలిపందిరి వేయిస్తున్నాడు. వేసవిలో దాహానికి మజ్జిగ పోయడం ఆ కుటుంబానికి తాతల నాటి ఆచారమే. ఎప్పుడూ మండీ ముందు వేసే పందిరిని ఈ ఏడు సబ్‌వే మెట్ల మీదికి తేవడానికి కారణం అతని కొడుకు గిరి. నిరుడు ఇదే కత్తిరిలో, వసూళ్ళకు వెళ్ళి వస్తూ, వడదెబ్బకు ఈ ప్రాంతంలోనే పడి చనిపోయాడు. అతడు పడిన మెట్టు ఇదేనని తండ్రి నమ్మకం. అందుకే సరిగ్గా ఆ మెట్టుకు పైన పందిరి లేచింది. కాకులూ దుమ్మూ రాకుండా ఇరుపక్కలా కొబ్బరాకు తడికెలు కట్టారు. నీళ్ళగుడ్డ చుట్టిన కుండలు వరసగా పెట్టారు. తూర్పువైపు, మెట్లెక్కి వచ్చేవాళ్ళకు ఎదురుగా, రెండు నిలువుల ఎత్తు ప్లైవుడ్ బోర్డు నిలబెట్టారు. దాని మీద గిరి బొమ్మ. బ్యానర్లు వేసే పెయింటరు బతికున్న గిరికి లేని ఎర్రదనాన్ని అతని బుగ్గలకు పెట్టాడు. మజ్జిగ తాగినవాళ్ళు ఆ బోర్డు పక్కనుంచి ఒదిగి రోడ్డు మీదికి పోవలసి వచ్చేది.

ఆ మధ్యాహ్నం ఫాల్ ముక్క కదలలేదు.

"ఏం పంకజమ్మా, మీ ఆయన చెయ్యి ఇంకా లేవలేదే? సముద్రం లీవు పెట్టిందా?" అన్నాడు ఎదురంగడి కామేశం. భూగోళశాస్త్రంలో ఎమ్మే చదివి, ఉద్యోగం కోసం చాలాకాలం చూసి, చివరికి మామగారి కళ్ళద్దాల అంగట్లో కూర్చున్నవాడు.

"గాలి రాలేదు సార్. రేపు వస్తాదేమో."

"యాడనుంచి వస్తాది? ముక్కు మూసి నోట్లో మజ్జిగ పోస్తా ఉండారు గదా, పుణ్యాత్ములు." అతడు కళ్ళద్దాలు తీసి మెట్ల పైకి చూశాడు. "తూర్పున మూసేస్తే పడమటి మెట్ల నుంచి మార్కెట్టు వేడి దిగి ఈడనే కూర్చుంటాది. పోను దారేదీ?"

ఆ మాట నిజమేనని రెండు రోజుల్లో అందరికీ తెలిసింది. తారు వేడి, బస్సుల పొగ, కుళ్ళిన కాయగూరల వాసన పడమటినుంచి దిగి కదలకుండా నిలిచేవి. పైన మజ్జిగ కోసం వచ్చినవాళ్ళు మెట్ల మీద కిక్కిరిసి మిగిలిన సందును కూడా మూసేవారు. ప్రతి అంగట్లో ఫ్యాను పెట్టేసరికి వోల్టేజీ పడిపోయి, రెక్కలు కంటికి విడివిడిగా కనిపించేంత నెమ్మదిగా తిరిగేవి. పంకజం టేబులు ఫ్యాను భర్తవైపే తిప్పి పెట్టింది. అది అదే వేడిని అతని మీదికి తోసింది. అయినా ఎవరూ పైకి ఫిర్యాదు చేయలేదు. చచ్చిపోయిన కొడుకు పేర దాహం తీరుస్తున్న ముసలివాణ్ణి ఏమని అడుగుతారు? పైగా అంగళ్ళవాళ్ళందరూ రోజూ అక్కడే మజ్జిగ తాగుతున్నారు.

చివరికి కామేశమే ఒక ఉపాయం ఆలోచించాడు. "మాటలు చెప్తే వినడు. కంటికి చూపించాల. పొగ పైకి నిలువుగా పోతే గాలి లేదని పసిబిడ్డకి కూడా అర్థమౌతాది. రా." తన అంగట్లో దేవుడి పటం ముందున్న ఊదుబత్తులు నాలుగు వెలిగించి మెట్లెక్కాడు. పంకజం వెనకే వెళ్ళింది.

యతిరాజులు స్టూలు మీద కూర్చొని గరిటెతో కుండ కలుపుతున్నాడు. పక్కన అతని కోడలు రంజని, గిరి భార్య, గ్లాసులు కడుగుతోంది. కామేశం ఊదుబత్తులు బోర్డు ముందు ఎత్తి పట్టుకొన్నాడు.

"చూడండి సెట్టిగారూ, పొగ ఎట్ట నిలబడి ఉండాదో."

పొగ నాలుగు సన్నని గీతల్లాగా నిటారుగా లేచి గిరి బొమ్మ మొహం మీద పరుచుకొంది. యతిరాజులు లేచాడు. తుండుతో చేతులు తుడుచుకొన్నాడు. అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

"నీకన్నా గుర్తుండాదే కామేశం, వాడికి ఈ వాసనంటే ఇష్టమని. ఇంటోళ్ళకే తోచలేదు." ఊదుబత్తులు అతని చేతిలోంచి అందుకొని, బోర్డు ముందున్న అరటిపండుకు గుచ్చి, చేతులు జోడించాడు. రంజని కూడా తడిచేతులు జోడించింది. కామేశానికి చేతులు జోడించక తప్పలేదు.

మెట్లు దిగుతూ అతడు, "ఎమ్మే చదివినాను పంకజమ్మా," అన్నాడు. "ఇన్నేళ్ళకి ఆ చదువు పనికొచ్చింది. బొమ్మకి ఊదుబత్తి పెట్టొచ్చినాను."

మరునాడు పంకజం ఒంటరిగా వెళ్ళి అడిగింది. పందిరి తీయనక్కర్లేదు, బోర్డు ఒక్కటి పక్కకు జరిపితే చాలునంది.

"వాడి మొహం ఎక్కొచ్చేవాళ్ళకి ఎదురుగా ఉండాల గదమ్మా," అన్నాడు యతిరాజులు మెత్తగా. "నువ్వే గదా ఆ మెట్టు చూపించినావు. నువ్వు నీళ్ళు పోసిన తావు. దాన్ని వదిలి యాడ పెట్టేది? అయినా గాలి గాలంటావు, నీడ ఉంటే చల్లదనం ఉన్నట్టే. కాటయ్యని పైకి తెచ్చి నా పక్కన కూర్చోబెట్టు. అడిగినప్పుడల్లా మజ్జిగ పోస్తాను. నాకూ ఒక తోడు."

అది మర్యాదకు అన్న మాట కాదు. సుబ్బన్ చేత కాటయ్యను పైకి మోయించి యతిరాజులు తన స్టూలు ఇచ్చి కూర్చోబెట్టాడు. పందిట్లో నీడ ఉంది. కానీ తడికెల కింది సందుల్లోంచి తారు సెగ పిక్కల దాకా కొట్టేది, బస్సు ఆగిన ప్రతిసారీ ఇంజను వేడి లోపలికి వచ్చి అక్కడే తిరిగేది. దాహంతో వచ్చిన జనం ఆ స్టూలును తోసుకుంటూ పోయారు. సాయంత్రం కిందికి దించేసరికి కాటయ్య ఒళ్ళు పెనంలా ఉంది. చెమట లేదు. రెండేళ్ళ కిందటి ఆ పొడి చర్మాన్ని పంకజం చేత్తో తాకగానే గుర్తుపట్టింది.

ఆ తరువాత అతడు చెయ్యి ఎత్తడం మానేశాడు. కళ్ళు మాత్రం ఫాల్ ముక్క మీదే ఉండేవి.

పంకజానికి ఒక దారి మిగిలి ఉంది. పందిరి వేసిన రోజునుంచీ ఆమె ఆ దారివైపు చూడకుండా తప్పించుకుంటోంది.

గిరి ఆ మెట్టు మీద పడలేదు. రోడ్డుకు అవతల, బస్సు స్టాపు పక్కన, ట్రాన్స్‌ఫార్మరు కింద పడ్డాడు. తాగి పడ్డాడనుకొని జనం చుట్టూ తిరిగి పోయారు. పంకజం సంగతి విని పైకి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఎవరో మొహం మీద గోనె కప్పారు. పోలీసుల కాగితంలో సబ్‌వే దగ్గర అని మాత్రమే ఉంది. కర్మకాండలు ముగిశాక యతిరాజులు, వెనక కోడలు రాగా, పడమటి మెట్ల నుంచి సబ్‌వేలోకి దిగి, అంగడి అంగడికీ ఆగి, "మా పిల్లోణ్ణి ఎవరన్నా చూసినారా? నీళ్ళు అడిగినాడా?" అని అడుగుతూ వచ్చాడు. అందరూ తలలు దించుకొన్నారు. చివరి అంగడి పంకజానిది. ఆ ముసలి మొహం తన గడప దగ్గరకు వచ్చినప్పుడు ఆమె నోట్లోంచి ఆ మాట దానంతట అదే వచ్చింది: పై మెట్టు మీద పడ్డాడని, తాను చెంబుతో పరుగెత్తానని, తన చేతి నీళ్ళు తాగాకే కన్ను మూశాడని. అప్పుడు యతిరాజులు ఆమె రెండు చేతులూ పట్టుకొని కళ్ళకద్దుకొన్నాడు. దాహంతో పోయిన ప్రాణం దాహంతోనే తిరుగుతుందని నమ్మే ఇంటివాళ్ళకు అంతకన్నా పెద్ద కానుక లేదు. ఆ మాటకు తాను ఏదో ఒకనాడు మూల్యం చెల్లించవలసి వస్తుందని ఆమె ఊహించలేదు.

కాటయ్య చెయ్యి ఎత్తడం మానేశాక, ఒక సాయంత్రం పందిట్లో జనం పలచబడ్డప్పుడు ఆమె మెట్లెక్కింది.

"అయ్యా, ఒక మాట చెప్పాల. మీ అబ్బాయి ఈ మెట్టు మీద పడలేదు."

యతిరాజులు గరిటె ఆపాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. ట్రాన్స్‌ఫార్మరు చూపించింది. గోనె సంగతి చెప్పింది.

"నేను నీళ్ళు ఇయ్యలేదయ్యా. ఎవురూ ఇయ్యలేదు. ఆ పొద్దు మీరు అంగడంగడికీ తిరగతా ఉంటే చూడలేక అట్ట చెప్పేసినాను. పందిరి ఉండాల్సింది ఆడ. ఈడ కాదు."

అతడు చాలాసేపు ట్రాన్స్‌ఫార్మరువైపు చూశాడు. కోపం వస్తుందని ఆమె ఎదురుచూసింది. కోపమైనా మేలే అనుకొంది. అతడు తిరిగి చూసినప్పుడు ఆ మొహంలో జాలి ఉంది.

"కాటయ్యకి అంత ఇబ్బందిగా ఉండాదా?"

"అయ్యా, నేను చెప్పేది—"

"నాకు తెలస్తాదమ్మా. మొగుడి కోసం ఆడది ఏమైనా చెప్తాది. తప్పులేదు. నేను మనసులో పెట్టుకోను." గరిటె మళ్ళీ కుండలోకి దించాడు. "ఆ పొద్దు నువ్వు నన్నేమీ అడగలేదు. నీకు ఒరిగేదేమీ లేకుండా చెప్పినావు. ఈ పొద్దు నీకు బోర్డు తీయించుకోవాల. రెండిట్లో ఏది నమ్మాల్నో నువ్వే చెప్పు."

అతడు చెప్పిన తర్కంలో లోపమేమీ లేదు.

"ఈ గ్లాసు కాటయ్యకి తీసకపో, తల్లీ. అల్లం ఎక్కువ వేసినాను," అన్నాడు.

గ్లాసు అందించవలసిన రంజని కదలలేదు. కడుగుతున్న గ్లాసు ఆమె చేతిలోనే ఉంది, నీళ్ళు పొర్లి చీర కుచ్చిళ్ళ మీద పడుతున్నాయి. ఆమె పంకజం మొహంలోకే చూస్తోంది. పంకజం ఖాళీ చేతులతో దిగి వచ్చింది.

కాసేపటికి రంజని ఆ మజ్జిగ గ్లాసు పట్టుకొని కిందికి వచ్చింది. కత్తిరి మొదలైనాక ఆమె మెట్లు దిగడం అదే మొదటిసారి. కింది మెట్టు మీదే ఆగిపోయింది.

"అబ్బా, ఏందక్కా ఇది? పైనే మేలు గదా!" అని, కాటయ్యను చూసి గొంతు తగ్గించింది. అతని పెదవులు ఎండి పగిలాయి. కళ్ళు సగం మూసి ఉన్నాయి. ఆమె ఫాల్ ముక్కను చూసింది, మెట్ల పైన ఆకాశాన్ని మూసి నిలబడిన బోర్డును చూసింది. ఊదుబత్తి పొగ చూపించకుండానే ఆమెకు అంతా అర్థమైందని పంకజానికి తెలిసింది.

"మామ నమ్మలేదు. నేను నమ్మినాను," అంది రంజని. "నువ్వు ఆ పొద్దు చెప్పినప్పుడు నా మొహం చూడలేదక్కా. ఈ పొద్దు నన్ను చూసి, ఆ తరవాత తల దించుకున్నావు."

పంకజం కుర్చీ పక్కకు జారిన భర్త ఎడమ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టింది.

"నేను చెప్తే మామ వింటాడు. బోర్డు ఈ సాయంత్రమే తీయిస్తాను. పందిరే తీయిస్తాను." ఆమె ఆ ఆఖరి మెట్టు కూడా దిగి పంకజం ఎదుటికి వచ్చింది. "ఒక్కసారి నా కళ్ళల్లోకి చూసి చెప్పు. ఆయనకి ఎవురూ నీళ్ళు ఇయ్యలేదా? ఒక్కరన్నా?"

పంకజం కళ్ళెత్తి చూసింది. రంజనికి ముప్పై నిండలేదు. బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి.

"ఏడాదిగా నేను నోట్లో అన్నం పెట్టుకోగలిగేది ఆ ఒక్క మాట మీదనే అక్కా," అంది రంజని. "అయినా పరవాల్లేదు. నువ్వు చెప్పు."

ఒక్క మాట చాలు. అది నిజమైన మాట కూడా. చెప్పకూడని కారణం పంకజానికి ఒక్కటీ తోచలేదు. అయితే నిరుడు ఆ ముసలివాడు గడప దగ్గరికి వచ్చినప్పుడు ఎలా జరిగిందో ఇప్పుడూ అలాగే జరిగింది. మాట ఆమె అనుమతి అడగలేదు.

"ఇచ్చినాను," అంది. "గుక్క తిప్పుకోకుండా తాగినాడు. ఇంకొంచెం పొయ్యమని అడిగినాడు. ఈయన కోసం పైన అబద్ధం చెప్పినానమ్మా. మామగారు కనిపెట్టేసినారు."

రంజని గ్లాసు కుట్టుమిషను మీద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకొని, నిలబడే ఏడ్చింది. పోయేటప్పుడు పంకజం భుజం మీద చెయ్యి వేసి, "పావం, నువ్వేం చేస్తావులే," అంది. ఆమె మెట్లెక్కుతున్నంతసేపూ ఒళ్ళు తేలికైన మనిషి నడకే వినిపించింది.

కామేశం తన అంగట్లోంచి అంతా విన్నాడు. అద్దాల పెట్టె మూత వేసి, తీసి, మళ్ళీ వేశాడు.

పంకజం మజ్జిగను చెంచాతో భర్త నోట్లో పోసింది. సగం గడ్డం మీదుగా కారిపోయింది. తుడిచి, జాకెట్టు కొలతలకు కత్తిరించిన అట్టముక్క ఒకటి తీసుకొంది. అతనికి కనబడకుండా కుర్చీ వెనక, మెట్లవైపున నిలబడి, గాలి తూర్పునుంచే వచ్చినట్టు ఉండేలా విసరసాగింది. ముందుగా ఫాల్ ముక్క మీద విసిరింది. అది కదిలింది.

కాటయ్య కళ్ళు తెరిచి ఫాల్ ముక్కను చూశాడు. తరువాత ఎదురుగోడ మీద, ట్యూబులైటు వెలుతురులో, అట్టముక్కతో పైకీ కిందికీ ఆడుతున్న చేతి నీడను చూశాడు. ఆమె ఇంకా బలంగా విసిరింది.

ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టినచోటే ఉంది. వేళ్ళు విడిపోలేదు. పైన ఎవరో కుండల్లో కొత్తగా నీళ్ళు పోస్తున్నారు. కత్తిరికి ఇంకా సగం రోజులు మిగిలే ఉన్నాయి.